లేదు అయితే ఆరో ప్రశ్నకు వెళ్లండి

మా పిన్నికి కీళ్లవాతం. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. వేడినీళ్లలో పెట్టుకుని కాసేపు కూర్చుంటే గానీ పిడికిలి పడదు. కంచికచర్లలో బస్సు దిగి ఆటో ఎక్కితే వస్తుంది వాళ్ల ఊరు. నెల్లాళ్లు బతిమాలి బెజవాడలో ఒక పెద్దాసుపత్రికి తీసుకొచ్చాను. ఓపీ చీటీ రాయించుకుని బల్ల మీద సర్దుకున్నామో లేదో, మెడలో కార్డు, చేతిలో ట్యాబు పట్టుకుని ఒకమ్మాయి వచ్చింది. ఈ జబ్బు వల్ల ఎంత పని పాడవుతోందో, దాని ఖరీదెంతో లెక్క తీస్తున్నారట. రెండే నిమిషాలంది.

“అమ్మా, మీరు ఇప్పుడు జీతమో కూలో వచ్చే పని ఏదైనా చేస్తున్నారా?”

“నాకేం పని తల్లీ, ఇంటికాడే ఉంటా,” అంది పిన్ని, తప్పు ఒప్పుకుంటున్నదానిలా నవ్వి.

ఆ అమ్మాయి ‘లేదు’ మీద వేలు పెట్టింది. ట్యాబు ఒక్క గెంతు గెంతింది. రెండు, మూడు, నాలుగు, అయిదు ప్రశ్నలు మాయం. తెర మీద ఆరోది ప్రత్యక్షం.

‘ఇంటికాడ ఉండటం’ అనే ఈ కొలువు వివరాలు కొంచెం మనవి చేస్తాను. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి రెండు గేదెల కింద పేడ ఎత్తాలి. కుడితి పెట్టి, పాలు పితికి, ఆరింటిలోగా పాలకేంద్రంలో పోసి రావాలి. మంచంపట్టిన అత్తగారికి ఒళ్లు తుడిచి బట్ట మార్చాలి. మనవణ్ణి బడి బస్సెక్కించాలి. బాబాయికి కాఫీ రెండుసార్లు ఇవ్వాలి, ఆయన కళ్లజోడు మూడుసార్లు వెతికిపెట్టాలి. మిరపకోతలొస్తే సొంత చేలో ఒక సాలు ఆమెదే. సొంత చేను కాబట్టి కూలి లేదు. పాలడబ్బులు పదిహేను రోజులకోసారి బ్యాంకులో పడతాయి, బాబాయి ఖాతాలో. పాలకేంద్రం పుస్తకం మీద పేరు కూడా ఆయనదే. ఆయన జన్మలో గేదె పొదుగు ముట్టుకోలేదు. కానీ ఆ అమ్మాయి ట్యాబు ఆయన ముందు పెట్టి ఉంటే మొదటి ప్రశ్నలోనే గట్టెక్కేవాడు.

ఆ పిల్లను అనడానికేం లేదు. ఆ ప్రశ్నలు ఆమె రాసినవి కావు. 1993లో అమెరికాలో తయారై, ప్రపంచమంతా మందుల కంపెనీలూ పరిశోధకులూ వాడుతున్న ప్రశ్నావళి అది. పేరు డబ్ల్యూపీఏఐ. మొత్తం ఆరు ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల గురించి. మొదటిది, సంపాదన ఉన్న పని చేస్తున్నారా అని. లేదంటే నేరుగా ఆరోదానికి వెళ్లాలి. రెండోది, జబ్బు వల్ల ఎన్ని గంటలు పనికి వెళ్లలేదని. మూడోది, వేరే కారణాల వల్ల ఎన్ని గంటలు మానేశారని. ఆ వేరే కారణాల్లో ఈ పరిశోధనలో పాల్గొనడానికి పెట్టిన సెలవు కూడా ఒకటి. ఎంత నిజాయితీ! తాము పాడుచేసిన పనిని కూడా లెక్కలో పెట్టుకున్నారు. నాలుగోది, నిజంగా ఎన్ని గంటలు పనిచేశారని. అయిదోది, పనిలో ఉన్నప్పుడు జబ్బు మీ సామర్థ్యాన్ని ఎంత దెబ్బతీసిందో సున్నా నుంచి పది లోపు అంకె చెప్పమని.

ఇక ఆరోది. ఉద్యోగం కాక, మామూలుగా చేసుకునే రోజువారీ పనుల సంగతేమిటని. ఉదాహరణలూ ఇచ్చారు: ఇంటిపని, బజారుపని, పిల్లల్ని చూసుకోవడం, వ్యాయామం, చదువు. చూశారా మా పిన్ని ఏ వరసలో కూర్చుందో! అత్తగారి ఒళ్లు తుడవటమూ, పార్కులో ఈవినింగ్ వాకూ ఒకే గంపలో పడ్డాయి. పైగా రెండు నుంచి అయిదు దాకా ప్రశ్నల జవాబులు గంటలవుతాయి, గంటలు జీతంతో హెచ్చవేస్తే డబ్బవుతాయి. ఆరో ప్రశ్న జవాబు మామూలుగా శాతం దగ్గరే ఆగిపోతుంది. దాన్ని హెచ్చవేయడానికి పక్కన జీతం లేదు కదా.

అయిదో ప్రశ్న గురించి ఒక చిన్న మాట. ఒంట్లో బాగోలేకపోయినా ఆఫీసుకొచ్చి కూర్చోవడాన్ని ‘ప్రెజెంటీయిజం’ అంటారు. సెలవు పెట్టినవాడి వల్ల కంటే వచ్చి కూర్చున్నవాడి వల్లే ఎక్కువ నష్టమని చాలా లెక్కలు తేల్చాయి. నేను పాతికేళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టినవాణ్ణి. నిక్షేపంలా ఉండి వచ్చి కూర్చున్నవాడి వల్ల జరిగే నష్టానికి ఏం పేరు పెట్టారో ఎంత వెతికినా దొరకలేదు. మా సెక్షన్లో ఒకాయనకి జ్వరమొస్తే ఫైళ్లు కదిలేవి. ఆయన పదికి ఎంత వేసుకోవాలి?

మనిషికి ధర కట్టడం నిన్నా మొన్నటి సరదా కాదు. పదిహేడో శతాబ్దంలో విలియం పెట్టీ అనే ఇంగ్లీషు దొర ఉండేవాడు. వైద్యుడు, ఐర్లండు భూములు సర్వే చేయించినవాడు. భూమికి పట్టిన గొలుసే మనిషికీ పట్టి, ఇంగ్లండులో తలకు 69 పౌండ్లని తేల్చాడు. సంపాదన ఎంతో చూడు, దాన్నిబట్టి మనిషి ఖరీదెంతో చెప్పు. దానికిప్పుడు ‘హ్యూమన్ క్యాపిటల్’ అని దొడ్డపేరు. జబ్బుపడితే పోయిన రోజుల్ని కూలితో హెచ్చవేస్తారు. చచ్చిపోతే రిటైరయ్యేదాకా రావాల్సిన జీతాన్ని వడ్డీ కోసి, నేటి విలువకు దించి, నష్టం ఇంత అంటారు.

1966లో అమెరికా ప్రజారోగ్య శాఖ కోసం డొరొతీ రైస్ జబ్బుల ఖరీదు కట్టింది. మగ ఆర్థికవేత్తలు పక్కకు తోసేసిన ఇల్లాలిని ఆమె లెక్కలోకి తెచ్చింది. అందుకు దండం పెట్టాల్సిందే. తెచ్చి ఏ ధర వేసింది? ఇంటి పనిమనిషి జీతం. అంతకు మించి దొరికే అంకె లేదన్నది నిజమే. అయినా ఈ పోలిక పనిమనిషికే అవమానంగా తోస్తుంది నాకు. ఆమెకి నెలకు రెండు నాగాలుంటాయి, పండక్కి చీర ఉంటుంది, నచ్చకపోతే చెప్పాపెట్టకుండా మానేసి పక్క అపార్టుమెంటులో చేరే స్వేచ్ఛ ఉంటుంది. మా పిన్నికి ఈ మూడూ లేవు.

హాలండు వాళ్లకి ఈ హ్యూమన్ క్యాపిటల్ దుబారాగా కనిపించింది. ముప్పై ఏళ్లవాడు పోతే మరో ముప్పై ఏళ్ల జీతం నష్టమంటారేమిటి, ఆ కుర్చీలో ఇంకొకడు వచ్చి కూర్చునేదాకానే కదా నష్టం, అన్నారు. రోటర్‌డామ్‌లోని ఎరాస్మస్ విశ్వవిద్యాలయంలో కూప్‌మన్‌షాప్, రుట్టెన్ మొదలైనవాళ్లు 1995లో దీన్ని శాస్త్రంగా అచ్చేశారు. పేరు ‘ఫ్రిక్షన్ కాస్ట్’ పద్ధతి. మనిషి పోయిన దగ్గర్నుంచి వాడి చోటు నిండేదాకా పట్టే కాలం ఫ్రిక్షన్ పీరియడ్. అప్పట్లో వాళ్ల దేశంలో అది మూడు నెలలకు అటూ ఇటూగా తేలింది. ఆ తర్వాత చచ్చినవాడి వల్ల ఆర్థిక వ్యవస్థకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. బయట నిరుద్యోగులు బారులు తీరి ఉంటే ఇంకా తొందరగా తేరుకుంటుంది. అంటే మన దేశంలో చావు ఎంత చవకో మీరే ఊహించుకోండి.

ఈ సిద్ధాంతాన్ని రోటర్‌డామ్ వాళ్లు రాసుకున్నారు గానీ, ఆచరణలో పెట్టింది మన పెద్దలే. ఇల్లాలు పోయిన ఇంట్లో పెద్దకర్మ భోజనాలు చూడండి. గారెలు రెండో విడత వడ్డిస్తుండగానే ఒక పెద్దాయన గొంతు సవరించుకుంటాడు. “పిల్లలు చిన్నవాళ్లు, వాడు మాత్రం ఎన్నాళ్లని చెయ్యి కాల్చుకుంటాడు?” అంటాడు. పక్క విస్తరి దగ్గర్నుంచి ఒకావిడ, తన ఆడబిడ్డ తోడికోడలి చెల్లెలు ఉందంటుంది. మూణ్ణెల్లు తిరక్కుండా మూడు ముళ్లు పడతాయి. ఫ్రిక్షన్ పీరియడ్ సమాప్తం. అదే మొగుడు పోయాడనుకోండి, ఆ ఖాళీ భర్తీ చేయరు. నియామకాల మీద నిషేధం, జీవితాంతం. ఈ తేడా ఎందుకో డచ్చి సూత్రంలో ఏ గుర్తుతో చూపాలో తెలియాల్సి ఉంది.

ఇప్పుడు కొంచెం కూడికలూ తీసివేతలూ చేద్దాం. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. అమెరికాలో ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, రోజుకు ఎనిమిది గంటలైతే 58 డాలర్లు, ఆ ఏటి మారకంలో సుమారు 4,900 రూపాయలు. ఒక రోజు జ్వరానికి ఒక రోజు కూలి నష్టం. అంటే అమెరికాలో అందరికంటే తక్కువ జీతగాడు ఒక్కరోజు మూసిన కన్ను తెరవకుండా పడుకుంటే ఎంత నష్టమో, మా ఊళ్లో పదహారు మంది పడుకుంటే గానీ అంత నష్టం కాదు. పదహారు మంది, పదహారు దుప్పట్లు, పదహారు కషాయం గ్లాసులు! మా ఊరివాడే డాలస్ వెళ్తే, విమానం దిగీ దిగగానే వాడి జ్వరం ధర లేచి కూర్చుంటుంది. ఒళ్లు అదే, థర్మామీటర్లో అంకె అదే. సంక్రాంతికి ఊరొచ్చి జబ్బుపడితే దాన్ని ఏ రేటుకి కట్టాలన్నది మాత్రం చిక్కు ప్రశ్న.

ఇది నా వెటకారం అనుకుంటున్నారేమో. 1991 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు ప్రధాన ఆర్థికవేత్త లారెన్స్ సమ్మర్స్ సంతకంతో ఒక మెమో వెళ్లింది. ఆ తర్వాత బయటికి పొక్కి అల్లరైంది. ఆరోగ్యాన్ని చెడగొట్టే కాలుష్యం ఖర్చంటే జబ్బుల వల్లా చావుల వల్లా పోయే సంపాదనే కదా, కాబట్టి ఆ కాలుష్యం కూలి అతి తక్కువ ఉన్న దేశంలో జరగడం లాభం అని అందులోని తర్కం. విషపు చెత్తను బీద దేశాల్లో పారబోయడం వెనక ఆర్థిక తర్కానికి తిరుగులేదన్నారు. ఆ మెమో రాసింది తానేనని ఆయన దగ్గర పనిచేసిన లాంట్ ప్రిచెట్ తర్వాత చెప్పాడు. వ్యంగ్యంగా రాశామని సర్దిచెప్పుకున్నారు కూడా. వ్యంగ్యం అమ్ముకుని బతికేవాడిగా ఒక మాట చెబుతాను: అందులో నాకు వ్యంగ్యం దొరకలేదు, లెక్క దొరికింది. ఆ లెక్క తప్పు కూడా కాదు. పోయిన పనిని కూలితో హెచ్చవేస్తే వచ్చేది సరిగ్గా అదే జవాబు. సమ్మర్స్ చేసిన నేరమల్లా ఎక్కం పూర్తిగా చదవడం. మిగిలినవాళ్లు సగంలో ఆపి సభ్యత నిలబెట్టుకున్నారు.

ఆ మెమో ఎవరూ చదవకుండానే మన పటాన్‌చెరు ఆ తర్కాన్ని ఒంటబట్టించుకుంది. మందుల కంపెనీల నీళ్లు శుద్ధి చేసి వదిలే కేంద్రం దగ్గర స్వీడన్ శాస్త్రవేత్తలు నమూనాలు పట్టి 2007లో ప్రకటించారు: లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదాని కంటే ఎక్కువ. శుద్ధి చేశాక సంగతి ఇది. ఆ నీళ్లు చివరికి కలిసే నక్కవాగు ఒడ్డున రైతుల పొలాలకీ గొడ్లకీ అయిన నష్టానికి ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదనలు నడిచాయి. కూలి తక్కువ చోట జబ్బు చవక, జబ్బు చవకైన చోట మందు తయారీ చవక. ఆ మందులు వేసుకుని ఎక్కువ జీతాలవాళ్లు త్వరగా కోలుకుని పనిలోకి వెళ్తారు, అక్కడ ఉత్పాదకత నష్టం తగ్గుతుంది. ఎక్కడా పైసా వృథా కాలేదు చూడండి.

దీనికంటే ముచ్చటైనది చెక్ రిపబ్లిక్ కథ. అక్కడ సిగరెట్ల వ్యాపారం చేసే ఫిలిప్ మోరిస్ కంపెనీ, ఆర్థర్ డి. లిటిల్ అనే సలహాల సంస్థ చేత లెక్క కట్టించింది. 1999లో పొగతాగేవాళ్ల వల్ల చెక్ ఖజానాకు నికరంగా 580 కోట్ల కొరునాలు లాభమని తేలింది. పన్నులొచ్చాయి, సరే. వాటి పక్కనే ఇంకో లాభం వేశారు: వాళ్లు తొందరగా చచ్చిపోవడం వల్ల మిగిలిన పింఛన్లు, వైద్యం ఖర్చు, ముసలివాళ్ల వసతి ఖర్చు. 2001లో ఇది బయటపడి లోకం దుమ్మెత్తిపోస్తే కంపెనీ క్షమాపణ చెప్పింది. లెక్క తప్పిందని కాదు, లెక్క చెప్పినందుకు. మనిషిని జీతంతో కొలవడం మొదలుపెట్టాక, జీతం ఆగిపోయిన మనిషి ఏ పద్దులోకి వెళ్తాడు? ఖర్చు పద్దులోకే. ఆ పద్దు ఎంత త్వరగా మూసేస్తే అంత లాభం. మంచంపట్టిన మా పిన్ని అత్తగారు ఈ వ్యాసం వినే స్థితిలో లేకపోవడం ఒక విధంగా అదృష్టం.

ఆర్థికశాస్త్రం చదివిన మిత్రుడొకడు ఇదంతా విని నొచ్చుకున్నాడు. “రూపాయల్లో చెప్పకపోతే మంత్రి దగ్గర నొప్పి చెల్లదురా. దిగులూ ఆందోళనల వల్ల ఏటా 1,200 కోట్ల పనిదినాలు, లక్ష కోట్ల డాలర్లు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పాకే కదా ప్రభుత్వాలు తలెత్తి చూసింది!” అన్నాడు. నిజమే. మనిషి కుమిలిపోతుంటే ఎవరికీ పట్టలేదు. కుమిలిపోతూ కంప్యూటరు ముందు నెమ్మదించాడనగానే సదస్సులు పెట్టారు. వాడి వాదనలో నాకు నచ్చనిది అబద్ధం కాదు, అందులోని నిజమే. ఇంగ్లండులో ప్రభుత్వ ఖర్చుతో ఏ మందు ఇవ్వచ్చో తూకం వేసే ‘నైస్’ సంస్థ మామూలు లెక్కల్లో ఈ ఉత్పాదకత పద్దును అసలు కలపనివ్వదు. కలిపితే ఉద్యోగం ఉన్నవాడి రోగానికి మందు ముందు దొరుకుతుంది, ముసలమ్మ రోగానికి తర్వాత. వాళ్లు అక్కడ గీత గీశారు. బతికుండగా ఎవర్నీ జీతంతో తూచకూడదనుకునే వాళ్లు ఎక్కడో కొందరున్నారన్నమాట.

మన దగ్గర ఇల్లాలికి విలువ కట్టే ఆఫీసు ఒకటుంది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. షరతు ఒక్కటే, ముందు ఆమె చచ్చిపోయి ఉండాలి. చచ్చినవాడి కళ్లు చారెడు అని మనవాళ్లు ఊరికే అనలేదు. మోటారు వాహనాల చట్టం పాత రెండో షెడ్యూలు ప్రకారం సంపాదన లేని మనిషి ఆదాయం ఏడాదికి 15,000 రూపాయలనుకోవాల్సి వచ్చేది. సంపాదన లేని భార్య అయితే మొగుడి సంపాదనలో మూడో వంతు. అంటే ఆమె ఎంత చాకిరీ చేసిందన్నది ఆయనకి వచ్చే ఇంక్రిమెంటు మీద ఆధారపడి ఉండేది. ఆయనకి ప్రమోషనొస్తే ఆమె చేసిన పప్పుచారు ధర పెరిగేది. 2001 జనాభా లెక్కల్లో వంటా వార్పూ చేసుకునే ఆడవాళ్లను బిచ్చగాళ్లు, ఖైదీలు మొదలైనవారితో కలిపి ఉత్పాదక పని చేయని వాళ్ల జాబితాలో వేశారని సుప్రీంకోర్టే 2010లో తప్పుపట్టాల్సి వచ్చింది.

ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో పోయిన ఒక జంట కేసులో 2021 జనవరి 5న తీర్పు వచ్చింది. హైకోర్టు 22 లక్షలకు తగ్గించిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 33.20 లక్షలకు పెంచింది. అందులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయం గృహిణుల గురించే. మా పిన్ని ఊరికి దగ్గర్లోని పొన్నవరంలో పుట్టినాయన. పేడకళ్లు ఎవరెత్తుతారో కళ్లారా చూసే ఉంటారు. 2019 సమయ వినియోగ సర్వే లెక్కలు ఆయన ఎత్తి చూపారు. ఇంటి పని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు పెట్టేది 97. అయిదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ. ఆ ఒక్క నిమిషం ‘నాకేం పని తల్లీ’ అని చెప్పడానికి పోయి ఉంటుంది. మంచి తీర్పు, అనుమానం లేదు. కానీ దాని ఫలం అందుకోవాలంటే మా పిన్ని హైవే మీద లారీ కింద పడాలి. కీళ్లవాతంతో ఇరవై ఏళ్లు నలిగేవాళ్ల అర్జీ తీసుకునే ట్రిబ్యునల్ ఇంకా పెట్టలేదు.

ఇంతకీ గేదె సంగతి చెప్పలేదు. కిందటేడు వాటిలో ఒకదానికి పొదుగువాపు వచ్చింది. పూటకు ఎన్ని లీటర్లు తగ్గాయో, వెన్న శాతం ఎంత పడిపోయిందో, ఎన్నాళ్లకు తేరుకుందో పాలకేంద్రం పుస్తకంలో తేదీలతో సహా ఉంది. పశువుల డాక్టరు ఇంటికొచ్చాడు. బాబాయి ఒక రాత్రంతా నిద్రపోలేదు. ఆ ఇంట్లో మొదటి ప్రశ్నకు ‘అవును’ అని చెప్పగలిగిన ఆడప్రాణి అదొక్కతే.

సరే, ఆసుపత్రి బల్ల దగ్గరికి వద్దాం. ఆ అమ్మాయి ఆరో ప్రశ్న అడిగింది. “గడిచిన ఏడు రోజుల్లో ఈ నొప్పుల వల్ల మీ రోజువారీ పనులకు ఎంత ఆటంకం కలిగిందమ్మా? ఏమీ కలగకపోతే సున్నా, పూర్తిగా ఆగిపోతే పది.”

పిన్ని చాలాసేపు ఆలోచించింది. ఆ బిగుసుకున్న వేళ్ల మీదే లెక్కపెట్టుకుంది. పేడ ఎత్తింది, పాలు పోసింది, అత్తగారికి నీళ్లు పోసింది, మనవడి బస్సు తప్పలేదు.

“ఏదీ ఆగలేదు తల్లీ,” అంది. గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

ఆ అమ్మాయి సున్నా నొక్కి, థ్యాంక్స్ చెప్పి, పక్క బల్లకు వెళ్లింది.

మా నంబరు పిలిచేసరికి మధ్యాహ్నమైంది. రక్తపరీక్షలకు ఇంకో వరస, మందులకు ఇంకో వరస. సాయంత్రం నాలుగు దాటాక బాబాయి దగ్గర్నుంచి ఫోను. పక్కింటి కుర్రాణ్ణి పితకడానికి కూర్చోబెడితే గేదె చేపట్లేదట. మేత వేసి చూశారట, దూడను వదిలి చూశారట, పిన్ని పాత చీర ఆ కుర్రాడికి చుట్టి కూడా చూశారట. తన్నింది.

“అదింకో చెయ్యి పడితే చేపదు. నీకు ముప్పై ఏళ్లబట్టీ చెబుతున్నానా లేదా?” అంది పిన్ని ఫోన్లో. తర్వాత నా వైపు తిరిగి, “బస్సెన్నింటికిరా?” అని అడిగింది.

ఆ పూట పాలకేంద్రం పుస్తకంలో, బాబాయి పేరు మీద, నాలుగు లీటర్లు తక్కువ రాశారు.